చెట్టు బెరడుపై మృగముల గుర్తులు



మంజీరానదిపై నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియైన పిమ్మట బోధను ప్రాంతమునకు కాలువనీరు పాఱి, వరియు చెఱకును విస్తరించినవి. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015లో మూతపడిన పిదప చెఱకుతోటలు తగ్గినవే గాని బొత్తిగా పోలేదు. ఈ పైరులకు దాపుననే ఇందల్వాయి, సిరికొండ, మంచిప్పల వైపు టేకు, మద్ది, ఇప్ప చెట్లతో నిండిన అడవి యున్నది. కావున మృగములు పొలమునకు వచ్చుటయు, మనుష్యులు అడవికి పోవుటయు ఇచ్చట పరిపాటి. గట్టుమీది చెట్టుపై గాట్లు కనబడగనే పులి వచ్చినదని ఊరంతయు బెదరుట యొక హాని. ఏ పందియో రాచినదని ఉపేక్షించుట అంతకన్న పెద్ద హాని. ఆ గుర్తులను పోల్చుకొను విధము నేడు మనవి చేసెదను.

మొట్టమొదట తేల్చుకొనవలసినది, గుర్తు పంటిదా, కొమ్ముదా, ఒంటి రాపిడిదా, గోటిదా యనునది. జిగురుకొఱకు మనుష్యులు గొడ్డలితో పెట్టిన గాట్లు అంచులు తేరి సమముగా నుండును గనుక వానిని ముందే విడదీయవచ్చును.

చెట్టు మొదట, నేలనుండి మూరెడులోపల, చిన్న ఉలితో చెక్కినట్లు జంటగీతలు వరుసగా నున్నచో అది ఏదుపంది పని. దాని ముందరిపండ్లు ఉలివంటివి. క్రింద బెరడు పొట్టు రాలియుండును. ఒక్కొక్కప్పుడు నలుపు తెలుపుల ముల్లును దొరకును.

మోకాలు మొదలు రొమ్ము ఎత్తువఱకు చిన్నచెట్టు బెరడు నిలువునా పీచుపీచుగా చీలి వ్రేలాడుచున్నచో, అది మగదుప్పియో కణుజో కొమ్ములు రుద్దిన గుర్తు. రాలి మరల మొలచు ఆ కొమ్ములపై మొదట మెత్తని తోలు గప్పియుండును. కొమ్ము గట్టిపడిన పిదప ఆ తోలును వదల్చుకొనుటకై అవి చెట్టునకు రుద్దును.

తొడ ఎత్తునకు లోపల ఎండిన బురద పూసినట్లుండి, అందు బిరుసు వెండ్రుకలు చిక్కుకొనియున్నచో అది అడవిపంది. ఆ వెండ్రుకను వెలుతురున పట్టి చూడుడు, కొన చీలియుండును. కోఱలతో వేసిన పొట్టిగాట్లును ఆ ఎత్తుననే కానవచ్చును.

ఇక గోటిగాట్లు. తోడేలు, కుక్క, దుమ్ములగొండి గోళ్ళు నేలపై అరిగి మొండివగును. అవి చెట్టును గీరవు. మిగిలినవి ముఖ్యముగా రెండు: ఎలుగుబంటి, చిఱుతపులి. మనవారు గుడ్డెలుగనెడి ఎలుగునకు ఒక్కొక్క పాదమున ఐదు గోళ్ళు. ముంగాలి గోరు మూడు నాలుగు అంగుళముల పొడవుండి, ఎన్నడును లోనికి ముడుచుకొనదు. తేనెపట్టుకొఱకు చెట్టెక్కునపుడు గోళ్ళు దిగిన లోతైన గుంటలు మానుపొడవున పైదాక పోవును. దిగునపుడు జాఱిన పొడవు గీతలు వానిపై పడును. బెరడు పగుళ్ళలో నల్లని పొడవు వెండ్రుకలు దొరకిన సందేహము లేదు.

చిఱుత గోళ్ళు ఒఱలో కత్తివలె ముడుచుకొనియుండుటచే వాడి చెడవు. అది వెనుకకాళ్ళపై నిలిచి బెరడును గీరునపుడు సన్నని గీతలు మూడు నాలుగు పక్కపక్కనే నిలువుగా పడును. అవి తఱచు మనుష్యుని రొమ్ము మట్టమునకు అటునిటుగా నుండును. గోటిపై ఊడిన పొర తునుక బెరడులో చిక్కియుండుటయు కలదు. పెద్దపులి గీతలు ఇంతకన్న వెడల్పుగాను, మనిషి తలకు పైగాను ఉండును. గోదావరికి ఆవల కవ్వాల్ అడవి 2012లో పులుల రక్షితారణ్యముగా ప్రకటింపబడినది. మన అడవులలో చిఱుతయే తఱచు, పెద్దపులి అరుదు.

గాటు క్రొత్తదా పాతదా యనియు చూడవలయును. క్రొత్తగాటు లోపల తడిగా, లేతరంగుగా నుండును. పాతది నల్లబడి, సాలెగూడు పట్టి, మాను లావెక్కినకొలది వెడల్పగును. ఎలుగు ఎక్కిన గుర్తు ఏండ్లతరబడి నిలుచును. కావున ఒక్క గాటునుబట్టి తీర్పు చేయక చుట్టుపట్ల అడుగుజాడయు వెదకుడు. చిఱుత అడుగున నాలుగు వ్రేళ్ళు, గోళ్ళు కనబడవు. ఎలుగు అడుగున ఐదు వ్రేళ్ళు, వానికి ముందు దూరముగా గోటిపోట్లు.

ఈ పరిజ్ఞానము ప్రాణములు కాపాడును. ఇప్పపూవు మార్చి, ఏప్రిలు నెలలలో తెల్లవాఱకముందే రాలును. ఏరువారును ఎలుగును ఒకే చెట్టు క్రిందికి ఒకే వేళకు వత్తురు. తినుటలో మునిగిన ఎలుగు మనుష్యుని అలికిడి గమనింపదు. దగ్గఱగా చూచినంతనే బెదరి మీదపడును. అట్టి చెట్టుపై క్రొత్త గోటిగుర్తున్నచో వెలుతురు వచ్చువఱకు ఆగి, నలుగురు కూడి, బిగ్గరగా మాటలాడుచు పోవలయును. చెఱకుతోట గట్టున చిఱుతగీతలున్నచో, నఱకునపుడు ఒక ప్రక్క దారి విడువుడు. నలుప్రక్కల మూసికొనివచ్చిన దానికి దాడి తప్ప గత్యంతరముండదు. మహారాష్ట్రమున జున్నరు ప్రాంతపు చెఱకుతోటలలో చిఱుతలు పిల్లలను పెట్టుచున్నవి. కూనలు కనబడిన ఎత్తుకొనిపోక పని నిలిపి దూరముగా జరిగినచో, తల్లియే వచ్చి తీసికొనిపోవును.

పందికని పొలముచుట్టు కరెంటుతీగ పఱచుట మాత్రము తగదు. ఆ తీగ పందిని, చిఱుతను, పొరుగు రైతును వేఱుచేసి యెఱుగదు. పైగా 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద చిఱుతను, ఎలుగును చంపుట గొప్ప నేరము. గుర్తు ప్రక్కన జానెడు పుల్ల నిలిపి ఫోనుతో ఛాయాచిత్రము తీసి, నాడే అటవీశాఖవారికి చూపుడు. పశునష్టము జరిగినచో పరిహారము కోరుటకు ఆ చిత్రమే సాక్ష్యమగును. పంది రాపిడికి పులి యని పేరుపెట్టి ఊరిని కలవరపెట్టకుండునట్లును, ఎలుగు గోటిని గొడ్డలిగాటని భ్రమించి పిల్లలను ఇప్పచెట్టు క్రిందికి పంపకుండునట్లును మీ ఊరివారికి ఈ తేడాలను చెట్టుదగ్గఱనే చూపి చెప్పవలసినదని పెద్దలను కోరుచున్నాను.