పాత ఫైలు జోలికి వెళ్లకుండా

పిల్లలూ, ఈసారి కబురు ఒక బుల్లి ప్రోగ్రాం గురించి. హైదరాబాద్ నాచారంలో మా వీధి అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతోంది, కాలనీ చిరునామాల జాబితాలో ఊరి పేర్లు సరిచేయడానికి పైథాన్‌లో రాసింది. మెనూలూ బటన్లూ ఏమీ లేవు. టెర్మినల్లో పాత మాట, కొత్త మాట, ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పని అయిపోతుంది. నాకు ఎంత ముచ్చటేసిందో! అయితే దాన్ని బాగుచేయడానికి కూర్చుంటే సైన్సంతా అక్కడే బయటపడింది.

మొదటి సంగతి. ప్రోగ్రాం ఫైలును చదివి, అదే ఫైలును రాయడానికి మళ్లీ తెరిచేది. అలా తెరిచిన క్షణానే పాత రాతంతా చెరిగిపోయి ఫైలు సున్నా బైట్లకు పడిపోతుంది. కొత్త రాత పూర్తిగా ఎక్కేలోపు కరెంటు పోయిందా, పాతదీ లేదు, కొత్తదీ లేదు.

వెనకటి వాళ్లకు ఈ బెంగ లేదు. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా పోతే వచ్చే ఈసీఐఎల్ సంస్థ 1967లో పుట్టింది. ఏ.ఎస్. రావుగారు దాన్ని నిలబెట్టారు, ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే వెలిసింది. అక్కడ టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అని మన దేశపు కంప్యూటర్లు తయారయ్యాయి. ఆ తరం యంత్రాల్లో చాలావాటికి ప్రోగ్రాములను చిల్లులు కొట్టిన కాగితపు టేపు మీద ఎక్కించేవారు. కొట్టిన చిల్లు పూడదు కదా! అందుకని రాతను దిద్దే ఎడిటర్ ప్రోగ్రాం ఒకపక్క పాత టేపు చదువుతూ, ఇంకోపక్క దిద్దిన రాతతో కొత్త టేపు కొట్టేది. మధ్యలో యంత్రం ఆగిపోయినా పాత టేపు అలాగే ఉండేది.

మన అమ్మాయి ప్రోగ్రాంకు చేయాల్సిందీ అదే. దిద్దిన రాతను అదే ఫోల్డర్లో వేరే పేరుతో ఇంకో ఫైలుగా రాయాలి. అది నిజంగా డిస్కుకు చేరేదాకా ఆగాలి. అప్పుడు దానికి పాత ఫైలు పేరు పెట్టాలి. ఈ పేరు మార్పిడి ఇంటి గేటుకున్న పేరు పలకను తీసి పక్కింటి గేటుకు తగిలించడం లాంటిది, ఇళ్లు కదలవు. లినక్స్‌లో అది ఒకే దెబ్బకు జరుగుతుంది. ఎవరు ఎప్పుడు తెరిచి చూసినా పూర్తి పాతదో పూర్తి కొత్తదో కనబడుతుంది తప్ప సగం సగం కాదు. ఫోల్డర్ ఒకటే కావాలని ఎందుకన్నానంటే, వేరే డిస్కులో రాస్తే అది పేరు మార్పిడి కాదు, మళ్లీ మొత్తం కాపీ చేయడమే. పాత ఫైలు పర్మిషన్లు కూడా కొత్తదానికి ఇవ్వాలి, మరిచిపోవద్దు.

రెండో సంగతి నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అది మన అక్షరాల గురించి. ‘ఉప్పల్’ అన్న మాట కంటికి మూడక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం ఆరు: ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 18. ‘నాచారం’ లెక్కా అంతే, దీర్ఘాలూ సున్నా కలుపుకుని ఆరు, 18 బైట్లు. లైనును ఇరవై బైట్ల దగ్గర కోస్తే ఏదో ఒక అక్షరం మధ్యలో తెగి, దాని స్థానంలో నల్ల డైమండులో ప్రశ్నార్థకం తేలవచ్చు. ఈ యూటీఎఫ్-8ను 1992లో రాబ్ పైక్‌తో కలిసి రూపొందించిన కెన్ థాంప్సనే, 1969లో ‘ఎడ్’ అనే ఎడిటర్ రాసినాయన. మన అమ్మాయి రాసినలాంటి కమాండ్ లైన్ ఎడిటర్లకు అది పెద్ద తాతయ్య. ఒకే మనిషి చేతిలో ఈ రెండూ పుట్టాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అసలు చిక్కు చూడండి. మాట మొత్తంగా దొరికితేనే మార్చమని చెప్పడానికి పైథాన్‌లో ‘మాట హద్దు’ గుర్తు ఒకటుంది. కానీ పైథాన్‌తో పాటు వచ్చే వెతుకులాట మాడ్యూల్ మన పొల్లునూ సున్నానూ గుణింతాలనూ మాటలో భాగంగా లెక్కించదు. ‘ఉప్పల్ భగాయత్’ అని ఉంటే, పొల్లూ మాటలో భాగం కాదు, పక్కనున్న ఖాళీ కూడా కాదు, అందుకని రెంటి మధ్య హద్దు కనబడక ‘ఉప్పల్’ దొరకలేదంటుంది. ‘ఉప్పల్లో’ అని ఉంటే పొల్లు తర్వాత ‘ల’ వచ్చింది కనుక అక్కడ హద్దు ఉందనుకుని పట్టేసుకుంటుంది! దొరకాల్సిన చోట దొరకదు, దొరక్కూడని చోట దొరుకుతుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ‘రెగెక్స్’ అనే మాడ్యూల్‌కు గుణింతాలు మాటలో భాగమేనని తెలుసు. అది పెట్టుకోమని చెప్పాను.

అది పెట్టినా ఒకటి మిగిలింది. అమ్మాయి ‘ఉప్పల్’ను ‘ఉప్పల్ కలాన్’గా మార్చాలనుకుంది. మొదటిసారి నడిపితే మారింది. ఇంకోసారి నడిపితే ‘ఉప్పల్ కలాన్ కలాన్’ అయ్యింది. ‘ఉప్పల్ భగాయత్’ కాస్తా ‘ఉప్పల్ కలాన్ భగాయత్’ అయి కూర్చుంది. అందుకని వెనకాల ‘కలాన్’ గానీ ‘భగాయత్’ గానీ లేనప్పుడే మార్చమని షరతు చేర్చాం. రాసే ముందు ఏయే లైన్లు మారబోతున్నాయో తెర మీద చూపించే ఏర్పాటు కూడా పెట్టాం. ఈ పేర్లన్నీ తలో లైను రాసిన చిన్న ఫైలు ఒకటి అమ్మాయి పరీక్షకు పక్కన ఉంచుకుంది. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ముందు దాని మీద రెండుసార్లు నడపాలి. మొదటిసారి తర్వాత ఫైలు ఎలా ఉందో, రెండోసారి తర్వాత కూడా ఒక్క బైటు తేడా లేకుండా అలాగే ఉండాలి.