కిల్ స్విచ్ వాడితే ఇంజిన్ పాడవుతుందా?

“కిల్ స్విచ్ జోలికి పోకు, ఇంజిన్ దెబ్బతింటుంది” అన్న మాట షెడ్డు నుంచి షెడ్డుకు, అన్న నుంచి తమ్ముడికి పాకుతూనే ఉంది. ఉత్త నమ్మకంగా మిగిలిపోతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ దీనివల్ల జరిగే నష్టం కంటికి కనిపిస్తూనే ఉంది. ఏళ్ల తరబడి కదపని స్విచ్ లోపల చిలుము పట్టి, బండి ఒకనాడు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. మెకానిక్ దాని వైర్లు కలిపి ‘డైరెక్ట్’ చేసి పంపేస్తాడు. ఆ తర్వాత కుడిచేతి బొటనవేలికి అందేలా ఆ ఎర్ర స్విచ్ ఉంటుంది గానీ దాంతో ఏ పనీ జరగదు. నిజంగా అవసరం పడ్డ రోజున అది ఆదుకోదన్న సంగతి బండి నడిపేవాడికి గుర్తు కూడా ఉండదు.

ఇంజిన్ ఎలా దెబ్బతింటుందని అడిగితే “ఒక్కసారిగా ఆపేస్తే లోపల దెబ్బ తగులుతుంది” అంటారు. మరి తాళంతో ఆపినప్పుడు అది నెమ్మదిగా ఆగుతోందా? తాళం తిప్పినా, కిల్ స్విచ్ నొక్కినా జరిగేది ఒకటే, ప్లగ్గులో స్పార్క్ ఆగిపోతుంది. మేడ మీద ట్యాంకు వాల్వ్ కట్టినా, వంటింట్లో కుళాయి కట్టినా ఆగేది అదే నీరు. పిస్టన్, క్రాంక్ ఉన్న ఊపు తగ్గేదాకా తిరిగి ఆగుతాయి. తమను ఆపింది ఏ స్విచ్చో వాటికి తెలిసే దారి లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి కాబట్టి, ఇప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్) కాలిపోతుందన్న కొత్త భయం దీనికి తోడైంది. తాళం తీసినప్పుడల్లా ఇంజిన్ నడిపే సర్క్యూట్‌కు కరెంటు ఎలాగూ తెగుతుంది. దాన్ని రోజూ తట్టుకునే ఈసీయూ కిల్ స్విచ్‌కు మాత్రం ఎందుకు కాలిపోతుంది?

“బండితో ఇచ్చిన పుస్తకంలోనే అత్యవసరానికి మాత్రమే వాడమని ఉంది కదా” అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ సూచనకు కారణం ఇంజిన్ కాదు, బ్యాటరీ. కిల్ స్విచ్‌తో బ్యాటరీ దిగిపోతుందన్న మాటలో నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ఈ స్విచ్ ఇంజిన్‌ను మాత్రమే ఆపుతుంది. తాళం ఆన్‌లోనే ఉంటే మీటరు, వెనక లైటు వెలుగుతూనే ఉంటాయి, తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టదు. పైగా కొత్త బండ్లలో చాలావాటికి కిక్ రాడ్ కూడా లేదు. కానీ ఇందులో తప్పు తాళం మరిచిన మనిషిది. కిల్ స్విచ్ నొక్కిన వెంటనే తాళం కూడా తీసేస్తే ఈ చిక్కే లేదు.

అసలు పాడుచేస్తున్నది వాడకపోవడమే. లోపల ఉన్నవి చిన్న లోహపు కాంటాక్టులు. కదుపుతూ ఉంటే అవి ఒరుసుకుని శుభ్రంగా ఉంటాయి. కదపకపోతే వాన నీరు, దుమ్ము, సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపుతో కొట్టిన నీరు చేరి పొర కడతాయి. ఆ పొర ఏం చేస్తుందన్నది బండిని బట్టి ఉంటుంది. బ్యాటరీ కరెంటుతో ఇగ్నిషన్ నడిచే బండ్లలో కరెంటు ఈ స్విచ్ గుండానే వెళ్లాలి కాబట్టి, కాంటాక్టు సరిగా తగలకపోతే ఇంజిన్ తడబడి ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్గు మార్చి, పెట్రోల్ బంకును తిట్టి, చివరికి గానీ స్విచ్ దగ్గరికి రారు. బ్యాటరీతో పనిలేని పాత సీడీఐ ఇగ్నిషన్ బండ్లలో తీరు తిరగబడుతుంది. అక్కడ కిల్ స్విచ్ ఒక వైరును ఎర్త్‌కు కలిపి ఇంజిన్‌ను ఆపుతుంది. చిలుము పడితే బండి హాయిగా తిరుగుతుంది, ఆపాలన్నప్పుడు మాత్రం ఆగదు. ఎవరూ గమనించని లోపం కనుక ఇదే ఎక్కువ ప్రమాదం.

యాక్సిలేటర్ కేబుల్ ఇరుక్కుని ఇంజిన్ అరుస్తున్నప్పుడు తాళం కోసం తడుముకోవాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదలాలి. కిల్ స్విచ్ అయితే రెండు చేతులూ ఉన్నచోటే ఉండి, క్లచ్ పట్టి బొటనవేలితో ఆపవచ్చు. అమెరికాలో మోటార్‌సైకిల్ కుడి హ్యాండిల్ మీద ఈ స్విచ్ ఉండాలని కేంద్ర భద్రతా ప్రమాణం చెబుతున్నది అందుకే. బండి పడినప్పుడు దానంతటదే ఆపే సెన్సర్ ఉంది కదా అంటే, అది బండి బాగా ఒరిగితేనే స్పందిస్తుంది. క్రాష్ గార్డు మీద ఆనుకుని సగం ఒరిగిన బండికి అది పనిచేయకపోవచ్చు. ఇరుక్కున్న కేబుల్ సంగతి దానికి తెలియనే తెలియదు.

ఈ స్విచ్ చుట్టూ అల్లుకున్న నమ్మకాలు ఇంకా ఉన్నాయి. కిల్ స్విచ్ ఆఫ్ చేస్తే దొంగ ఎత్తుకుపోలేడన్నది వట్టి భ్రమ, ఒక్క నొక్కుతో వాడూ ఆన్ చేస్తాడు. తిరుమల, శ్రీశైలం లాంటి ఘాట్‌లలో దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారితే పెట్రోలు మిగులుతుందన్నది మాత్రం ప్రాణం తీసే నమ్మకం. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. గేరులోనే ఉంచి స్విచ్ ఆపితే, కార్బురేటర్ బండిలో మండని పెట్రోలు వేడి సైలెన్సర్‌లోకి చేరి, తిరిగి ఆన్ చేయగానే పేలుతుంది. ఇంజెక్షన్ బండిలోనైతే యాక్సిలేటర్ వదిలి గేరులో దిగుతున్నంతసేపూ సాధారణంగా ఈసీయూయే పెట్రోలు తగ్గిస్తుంది.

వారానికి రెండు మూడుసార్లు బండిని కిల్ స్విచ్‌తోనే ఆపండి, వెంటనే తాళం తీయండి. వాటర్ వాష్‌లో పంపు ధార స్విచ్‌ల మీదికి పెట్టనివ్వకండి. స్విచ్ బిగుసుకుంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ కదపండి. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ పోయవద్దు. బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండి. ఇంజిన్ తడబడితే లోపం స్విచ్‌లో కన్నా హ్యాండిల్ మెడ దగ్గర నలిగిన వైర్లలో ఉండే అవకాశం ఎక్కువ. దారిలో ఆగిపోయినప్పుడు ఎలాగోలా చేరేందుకు డైరెక్ట్ చేయించుకున్నా, ఊరు చేరాక కొత్త స్విచ్ వేయించండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు స్టార్ట్ చేసి కిల్ స్విచ్ నొక్కండి. ఇంజిన్ ఆగకపోతే దాన్ని బాగుచేయించి ఇచ్చాకే బేరం మాట్లాడండి.