బడి గేటు కాడ ముందుగాల ఆగాల్సింది మన బండే

మాది సూర్యాపేట. రోజూ పొద్దుగాల మా అక్క బిడ్డను బైకు మీద బడిల దించి వస్త. గేటు ముందట అర్ధగంట సేపు జాతర లెక్కనే ఉంటది. ఆటోలు, బడి బస్సులు, నా అసొంటోళ్ల బైకులు. ఒకదినం ఆగి ఉన్న బస్సు ఎన్కకెల్లి ఓ పిలగాడు ఉరికొచ్చిండు. ఎదురుంగ వచ్చే బైకు కీసుమని ఆగింది. పిలగాడు బతికిండు. ఆ బైకు నాదే.

గప్పటిసంది ఒక్క లెక్క నా తలకాయల తిరుగుతుంది. జెర మీరు గూడ చూడుండ్రి. బండి 30 స్పీడుల ఉంటే సెకనుకు 8 మీటర్లు పోతది. పిలగాన్ని చూసి బ్రేకు కొట్టాలని తోచెతందుకే ఒక సెకను పడుతది. బ్రేకు కొట్టినంక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్లల్ల ఆగుతది. గదే 60 మీద ఉంటే? తోచెలోపే 17 మీటర్లు, బ్రేకు కొట్టినంక ఇంకో 20. మొత్తం 37. అంటే స్పీడు రెండింతలయితే బ్రేకు దూరం నాలుగింతలయితది. గిది ఎండిన రోడ్డు మీది లెక్క. వాన పడ్డా, టైరు అరిగినా ఇంకా దూరం పోతది.

స్పీడు ఒక్కటే కాదు, అవుపడకపోవుడు గూడ ఉన్నది. చిన్నపిల్లలు పొట్టిగుంటరు. ఆగిన ఆటో ఎన్క ఉంటే వాళ్లు మనకు అవుపడరు, మనం వాళ్లకు అవుపడం. గేటు ముందటనే బండి ఆపితే మన బిడ్డ సుఖంగ దిగుతది గని, పక్కింటి పిలగానికి అది గోడ అయితది.

సూర్యాపేట, కోదాడ దిక్కు 65వ నెంబరు హైవే ఉన్నది, మిర్యాలగూడల రైసుమిల్లుల లారీలున్నయ్. వాటిని తిట్టుడు అల్కనే. కని బడి గల్లీలకు పొద్దుగాల వచ్చేది లారీలకంటే ఎక్కువ మనమే.

మరి ఏం చెయ్యాలె? ఇటలీల బోల్జానో అనే ఊర్లె 1989ల ఒక పని షురూ చేసిండ్రు. బడి మొదలయ్యే, ఇడిసే టైముకు కొద్దిసేపు ఆ గల్లీల బండ్లు బందు. పెద్ద ఖర్చేం లేదు. అడ్డం పెట్టెతందుకు రెండు బారికేడ్లు, నిలబడెతందుకు ఇద్దరు మనుషులు ఉంటే సాలు. మన ఊర్లె గూడ బడి సారును, సర్పంచినో కౌన్సిలరునో, పోలీసోళ్లను కలిసి అడగొచ్చు.

స్పీడ్ బ్రేకర్ కావాలంటే మనమే రాత్రికి రాత్రి మట్టి పొయ్యొద్దు. తెల్లగీతలు, బోర్డు లేని గడ్డ చీకట్ల బైకోన్ని పడేస్తది. ముందుగాల ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలె. పంచాయతీదా, మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా? సోమవారం కలెక్టరేటుల ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోవాలె.

ఇంకోమాట. 18 ఏండ్లు నిండని తమ్మునికి బండి తాళం ఇయ్యకుండ్రి. 2019ల మారిన చట్టం ప్రకారం ఇంటి పెద్దకో, బండి ఓనరుకో 3 ఏండ్ల దాక జైలు, 25 వేల జరిమాన పడొచ్చు.

నేనిప్పుడు బండిని మూల మీద కిరాణం దుకాణం కాడనే ఆపి, బిడ్డ చెయ్యి వట్టుకొని గేటుదాక నడుస్తున్న. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. గంతే.