జిరాఫీ నీరు త్రాగు విధానము

జిరాఫీ నీరు త్రాగుటకు తన ముంగాళ్ళను రెండు ప్రక్కలకు ఎడముగా చాచి గాని, మోకాళ్ళ వద్ద వంచి గాని తలను నేలమట్టానికి దించుతుంది. భూమిపై జీవించే జంతువులన్నింటిలోను ఎత్తైన ఈ ఆఫ్రికా జంతువు మెడ పొడవు సుమారు 2 మీటర్లు. అయినప్పటికీ మామూలుగా నిలబడి మెడ వంచితే దాని మూతి నీటిని అందుకోలేదు. చెట్టు కొమ్మలకు పొడవైన మెడ నీటి మడుగుకు పొట్టిదే.

ఆవు, గుర్రము వంటి జంతువులలో తల, మెడ కలిసిన పొడవు కాళ్ళ పొడవుకు ఇంచుమించు సరిపోతుంది కనుక అవి మెడ వంచితే చాలును. మెడ పొట్టిగా ఉన్న ఏనుగు తొండముతో నీటిని పీల్చి నోటిలో పోసుకొంటుంది. జిరాఫీకి ఈ రెండు సౌకర్యములు లేవు. దాని మెడలో మనిషికి వలెనే 7 వెన్నుపూసలు మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్క పూస పొడవుగా ఉంటుంది, అంతే.

'''భంగిమ'''

కాళ్ళు చాచే పద్ధతిలో జిరాఫీ ముంగాళ్ళను కొద్దికొద్దిగా జరుపుతూ భుజములను క్రిందికి దించుకొంటుంది. రెండవ పద్ధతిలో ముంగాళ్ళను కొంచెము ఎడముచేసి ముందుకు వంచుతుంది. మోకాలు అని వ్యవహరించే ఈ కీలు నిజానికి మన మణికట్టుకు సమానమైనది. రెండింటిలోను వెనుకకాళ్ళు నిలువుగానే ఉంటాయి. త్రాగిన తరువాత మెడను పైకి విసరి, ఒక్క ఊపున కాళ్ళను దగ్గరకు తెచ్చుకొంటుంది.

'''రక్తప్రసరణ'''

నిలబడినపుడు జిరాఫీ తల గుండెకు సుమారు 2 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తుకు రక్తమును పంపవలసి ఉన్నందున దాని రక్తపోటు మనిషికంటె దాదాపు రెట్టింపు. తల దించగానే మెదడు గుండెకంటె చాలా క్రిందికి చేరుతుంది. అపుడు రక్తము తలలోనికి వెనుదిరిగి రాకుండ మెడ సిరలలోని కవాటములు అడ్డుకొంటాయి. మెదడు క్రింద ఉన్న సన్నని ధమనుల వల కూడ ఒత్తిడిని తగ్గించుటకు తోడ్పడుతుందని భావిస్తారు. తల ఎత్తునపుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పకుండ రక్తనాళములు ముడుచుకొని సర్దుబాటు చేస్తాయి.

'''ప్రమాదము'''

ముంగాలి తన్నుతో సింహమును సైతము చంపగల జిరాఫీ, కాళ్ళు చాచి ఉన్నపుడు తన్నలేదు, వెంటనే పరుగెత్తనూ లేదు. నీటిలో మొసలి భయము వేరు. అందుచేత మడుగు దగ్గర చాలసేపు నిలిచి చుట్టూ పరికించి గాని తల దించదు. గుంపులో కొన్ని త్రాగుచుండగా మిగిలినవి తలలెత్తి చూస్తుండుట నమీబియాలోని ఎటోషా జాతీయ వనము వంటి చోట్ల కనిపిస్తుంది.

అదృష్టవశాత్తు దానికి ఈ అవస్థ ప్రతిదినము తప్పనిసరి కాదు. తుమ్మ జాతి చెట్ల లేత ఆకులలోని తేమ వలన చాల రోజులు నీరు త్రాగకుండ ఉండగలదు.