పలుగురాయి, బుగ్గి

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్టల్లో తెల్లరాళ్లు చూసే ఉంటారు. అవి పలుగురాళ్లు. చిన్నప్పుడు చీకట్లో రెండు రాళ్లు రాపాడించి వెలుగు చూశాం కదా! ఈ రాయితో గాజు మీద గీస్తే గాజుకే గీత పడుతుంది. అంత గట్టిది.

ఈ రాయీ, నాగావళి ఇసుకా చుట్టాలే. ఇసుకలో ఎక్కువ పలుకులు ఈ రాయివే. కోట్ల ఏళ్ల కిందట కొన్నిచోట్ల ఇసుక పొరలు భూమి లోతుకు దిగాయి. అక్కడి వేడికి, బరువుకు పలుకులు అతుక్కుపోయి సన్నపలుకు రాయి అయ్యాయి. తెల్ల పలుగురాయి పుట్టుక వేరు. వేడినీటిలో కరిగి వచ్చిన సిలికా రాతి నెర్రెల్లో పేరుకుని గడ్డకట్టింది. రెండు రాళ్లలోనూ ఉన్నది ఆ సిలికాయే.

దీన్ని కరిగించి గాజు చేస్తారు. కొలిమి ఇటుకలు చేస్తారు. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్నాయి. ఆ మాంగనీసు రాయి, పలుగురాయి, బొగ్గు కలిపి కరెంటు కొలిమిలో కరిగిస్తే ఉక్కులో కలిపే లోహం వస్తుంది.

రాయి కొట్టే చోట బుగ్గి లేస్తుంది. కంటికి కనబడే బుగ్గి కన్నా కనబడనిదే చెడ్డది. ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండిపోతుంది. ఏళ్లు గడిచాక దగ్గు, ఆయాసం. దీని పేరు సిలికోసిస్. నయం చేసే మందు లేదు. ఈ జబ్బున్నవారికి టీ.బీ. తొందరగా వస్తుంది.

చీరచెంగు అడ్డం కట్టుకుంటే చాలనుకుంటాం. చాలదు, సన్నబుగ్గి దూరిపోతుంది. రాయిని తడిపి కొట్టాలి. బుగ్గి ఆపే మాస్కు ఇమ్మని మేస్త్రీని అడగాలి. దగ్గు విడవకపోతే, "రాళ్లు కొట్టే పనికి పోతాను" అని డాక్టరుకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఒట్టి టీ.బీ. అనుకోవచ్చు.