కోడిపందెం, చాపకూడు, దాయాది పోరు

కురిచేడు స్టేషన్లో గుంటూరు వైపు బండెక్కితే కాసేపటికి వినుకొండ వస్తుంది. అక్కడి నుంచి పల్నాడే. పశ్చిమ ప్రకాశంలో పల్నాటి యుద్ధం కథ తెలియని ఇల్లుండదు. అది ఎందుకొచ్చిందని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. కోడిపందెం వల్లనని ఒకరంటారు. శైవులకూ వైష్ణవులకూ పడక వచ్చిందని ఇంకొకరంటారు. ఒక పక్షాన నిలిచిన నాయకురాలు నాగమ్మది శైవం, ఎదుటి పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడిది వైష్ణవం కాబట్టి రెండో జవాబు నమ్మదగ్గట్టే ఉంటుంది.

సమాజశాస్త్రం చదివినవాళ్లు ముందు వేరే ప్రశ్న వేస్తారు: పంచుకోవాల్సింది ఏమిటి? పల్నాడు ఏలిన అనుగురాజుకు భార్యలు ముగ్గురు. ఒకామె కొడుకు నలగామరాజు, సవతి కొడుకులు మలిదేవాదులు. తండ్రి పోయాక రాజ్యం నలగాముడి గురజాల, మలిదేవాదుల మాచర్లలుగా చీలింది; అటు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు ఊరు విడవాల్సి వచ్చింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని రాయబారం పంపారు. వెళ్లిన అలరాజు నలగాముడి సొంత అల్లుడే. అతన్ని విషం పెట్టి చంపారని కథ. ఆ తరువాత కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఎక్కువమంది చెప్పే సంవత్సరం 1182. వివాదానికి మూలం ఏ దేవుడు గొప్ప అన్నది కాదు, ఆస్తి.

అయితే ఆస్తి గొడవలు ఊరూరా ఉంటాయి. అన్నీ కత్తుల దాకా పోవు. ఇక్కడ లూయిస్ కోజర్ పనికొస్తాడు. బెర్లిన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈ పండితుడు 1956లో సంఘర్షణ మీద రాసిన పుస్తకంలో ఒక మాట గట్టిగా చెప్పాడు: బంధం ఎంత దగ్గరిదైతే తగవు అంత తీవ్రంగా ఉంటుంది. దాయాదుల సంగతి తెలిసిన మనకు ఇదేమంత కొత్త కాదు. బయటి శత్రువు ఎదురైతే లోపలివాళ్లు మరింత ఒక్కటవుతారన్నది కూడా ఆయన వాదనే. ఆయనకు ముందే జర్మనీలో గేయోర్గ్ జిమ్మెల్ వేసిన బాట అది.

మరి మతం పనేమిటి? నా లెక్కలో అసలు ఆసక్తి ఇక్కడుంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని కథ. కులం చూడకుండా ఒకే చాప మీద భోజనం. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా స్వీకరించాడంటారు. యుద్ధంలో ఆయన కొడుకు బాలచంద్రుడి వెంట నడిచినవాళ్లలో బ్రాహ్మణుడి నుంచి చాకలి, మంగలి దాకా ఉన్నారు. ఫ్రెంచి పండితుడు ఎమిల్ దుర్కైమ్ 1912లో మతం గురించి రాస్తూ, అది ముందుగా నమ్మకాల జాబితా కాదనీ, నలుగురూ కలిసి చేసే క్రతువుల వల్ల నిలిచే సమూహమనీ చూపించాడు. ఆ చాప మీద జరిగింది అదే. రాజు భాగం కోసం చాకలి ప్రాణమెందుకివ్వాలి? భాగం కోసం ఇవ్వడు, పక్కన కూర్చుని తిన్నవాడి కోసం ఇస్తాడు. తగవు ఆస్తి నుంచి వచ్చింది. చావడానికి సిద్ధపడ్డ మనుషుల్ని మాత్రం మతం సమకూర్చింది. అదే చాప అవతలి పక్షానికి ఆచారభంగంగా కనబడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఒక జాగ్రత్త: శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర 15వ శతాబ్దిది. మన చేతికందింది యుద్ధం కాదు, దాని జ్ఞాపకం.

మతం గీసిన గీతను ప్రయోజనం చెరిపేయడం ఐరోపాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధాన్ని క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పోరుగా చదువుకున్నాం. కానీ 1635లో క్యాథలిక్ ఫ్రాన్సు ప్రొటెస్టెంట్ స్వీడన్ పక్షాన దిగింది. ఆ నిర్ణయం వెనకున్న రిషెల్యూ స్వయంగా కార్డినల్! ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసను ఆపిన 1998 ఒప్పందంలో చర్చి సిద్ధాంతాల చర్చ లేదు. అధికారంలో వాటా, పోలీసు సంస్కరణ, ఖైదీల విడుదల, ఆయుధాల అప్పగింత ఉన్నాయి.

అలాగని మతం ఎప్పుడూ ముసుగేనంటే అదీ తప్పే. శ్రీశైలం మల్లికార్జునుడి గుడిలో 1512 నాటి శాసనం ఉంది. లింగ అనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికినట్టు అందులో గొప్పగా చెప్పుకున్నారు. ఆ నరకడాన్ని పుణ్యకార్యాల వరసలో చెక్కించారు. అక్కడ మతద్వేషానికి వేరే పేరు పెట్టి తప్పించుకోలేం. మరో పక్క మార్కాపురంలో చెన్నకేశవుడు, త్రిపురాంతకంలో శివుడు శతాబ్దాలుగా ఇరుగుపొరుగున ఉన్నారు. దేవుళ్లు వేరైనంత మాత్రాన కత్తులు లేవవు.

ఇక కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆచారవంతులు వీరుల ఆయుధాలను దైవాలుగా తెచ్చి నాగులేటిలో కడిగి పూజిస్తారు. యుద్ధానంతరం ఆ యుద్ధమే ఒక మతాచారమైందన్నమాట. ఆ రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. మధ్య మూడు రోజులూ దేనివో చూడండి: ఒకటి రాజ్యభాగం అడిగిన బేరం, ఒకటి పశువుల మంద మీద పడ్డ దాడి, ఒకటి పందెం. శివకేశవుల తగవుకు కేటాయించిన రోజు ఒక్కటీ లేదు.