మంచు నెలలలోనూ మానని సాధన



కొడుకో కూతురో విదేశములో ఉన్న కుటుంబములు నేడు మన సంఘములలో తక్కువేమీ కాదు. లండన్, ఎడిన్‌బరో, షికాగో, టొరంటో అనే పేర్లు పల్లెటూరి అరుగుల మీద కూడా వినబడుతున్నవి. మనవలను చూచుకొనుటకు వెళ్లి వచ్చిన పెద్దలు మాతో తరచుగా చెప్పే మాట ఒకటున్నది. "అంతా బాగానే ఉన్నది గాని, చలికాలమంతా ఇంట్లోనే కూర్చుండిపోయినాము. మోకాళ్లు పట్టుకుపోయినవి." ఇక్కడ తెల్లవారుజామునే లేచి చేను గట్టు దాకా నడిచి వచ్చేవారు, అక్కడ నాలుగు నెలలు కిటికీలో నుండి మంచును చూస్తూ గడిపివేస్తున్నారు. ఊరిలోనే ఉన్న పెద్దలు కొందరు కూడా డిసెంబరు, జనవరి నెలల మంచుకు జడిసి నడక మానుతారు. చలి పోయిన తరువాత మళ్లీ మొదలు పెట్టబోతే కాళ్లు సహకరించవు.

అందుచేత ఈ నెల గోల్ఫ్ ఆటను గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. "గోల్ఫుకూ మనకూ ఏమి సంబంధము? అది ధనవంతుల ఆట కదా!" అని మీరు అడుగవచ్చును. అయితే ఆ ఆట పెరిగి పెద్దదైన స్కాట్లాండు చలిదేశము. అక్కడ డెబ్బది ఏండ్లు దాటినవారు కూడా చలికాలమును దాటుకొని, వసంతము రాగానే మైదానములో నిలబడి ఆడుతున్నారు. మధ్యలో ఆ నాలుగైదు నెలలు వారు ఏమి చేస్తారో తెలిసికొంటే, ఎన్నడూ గోల్ఫ్ కర్ర పట్టని మనకు కూడా ఉపయోగమున్నది.

ఆట ఎటువంటిది?

చిన్ననాడు బిళ్ళంగోడు ఆడినవారికి గోల్ఫ్ అర్థము కావడము కష్టము కాదు. దాదాపు 46 గ్రాముల బరువు గల చిన్న బంతిని పొడవాటి కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరముగా ఉన్న గుంటలో వేయాలి. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే సుమారు జానెడులో సగము. ఇటువంటి గుంటలు 18 ఉంటాయి. ఎవరు తక్కువ దెబ్బలతో ఆట ముగిస్తారో వారే గెలిచినట్లు. ఒక ఆట పూర్తి అగుటకు నాలుగు గంటలు పట్టవచ్చును. బండి ఎక్కకుండ నడిచి ఆడేవారు ఆ సమయములో ఎనిమిది నుండి పది కిలోమీటర్లు నడుస్తారు.

చూచుటకు ఇది చేతుల ఆట. నిజమునకు ఇది కాళ్ల ఆట, నడుము ఆట. పాదములు నేలలో నాటినట్లు నిలబడాలి. నడుము సులువుగా తిరగాలి. చేతి పట్టు గట్టిగా ఉండాలి గాని బిగుసుకొనరాదు. ఈ మూడూ రోజూ వాడకపోతే తగ్గిపోయే గుణములే. వయస్సు మీద పడినవారికి మరీ త్వరగా తగ్గిపోతాయి. యౌవనస్థుడు నెల రోజులు పడుకున్నా తిరిగి లేచి పరుగెత్తగలడు. అరువది దాటినవాడు నెల రోజులు కూర్చుంటే, పోయిన కండ తిరిగి రావడానికి ఎంతో కాలము పడుతుంది.

సెయింట్ ఆండ్రూస్‌లో చలికాలము

స్కాట్లాండులో తూర్పు సముద్రతీరమున సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణము ఉన్నది. అక్కడి ఓల్డ్ కోర్స్ అనే మైదానమునకు గోల్ఫ్ లోకములో గొప్ప పేరు. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఉదయము ఎనిమిదిన్నర దాటిన తరువాత ఉదయించి, సాయంకాలము నాలుగు గంటలకు ముందే అస్తమిస్తాడు. పగలు సుమారు ఏడు గంటలే. సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది.

అటువంటి దేశములో గడ్డి మీద మంచు గట్టిపడిన ఉదయము ఆటగాళ్లను మైదానములోనికి రానివ్వరు. వ్యవసాయము తెలిసిన మన పాఠకులకు దీని కారణము సులువుగా బోధపడుతుంది. గడ్డి పరకలో ఉన్న నీరు గడ్డకట్టియున్నప్పుడు దాని మీద కాలు వేస్తే లోపలి కణములు పగిలిపోతాయి. తరువాత ఆ అడుగుజాడలు మాడినట్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. కనుక మంచు కరిగేవరకు అందరూ ఆగుతారు. చలినెలలలో గడ్డి పెరగదు గనుక, కర్ర దెబ్బకు లేచిన చోటు మళ్లీ పూడదు. అందుచేత ఓల్డ్ కోర్స్‌లో చలికాలపు ఆటగాళ్లు చిన్న చాప ముక్క ఒకటి వెంట తీసుకొనిపోయి, దాని మీద బంతిని పెట్టి కొట్టే అలవాటు వచ్చింది.

ఆదివారము ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. కొన్ని పెద్ద పోటీల సమయములో మాత్రమే దీనికి మినహాయింపు. ఆ రోజున ఊరివారు పిల్లలను, కుక్కలను వెంటబెట్టుకొని ఆ పచ్చిక మీద నడుస్తారు. మైదానమునకు విశ్రాంతి, మనుష్యులకు నడక! సాధన చేయు శరీరమునకు కూడా వారములో ఒక దినము ఇటువంటి విశ్రాంతి అవసరమే.

టామ్ మోరిస్ అనే పెద్దాయన

ఈ పట్టణములోనే 1821లో ఒక నేతగాని ఇంట టామ్ మోరిస్ పుట్టినాడు. గోల్ఫ్ బంతులు, కర్రలు తయారుచేయు పని నేర్చుకొని, 1860ల మధ్య నుండి 1903 వరకు ఓల్డ్ కోర్స్ మైదానమును కాపాడినాడు. స్థానిక హోలీ ట్రినిటీ సంఘములో పెద్దగా కూడా సేవ చేసినాడు. ఓపెన్ అనే ప్రసిద్ధ పోటీని 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో నాలుగు సార్లు గెలిచినాడు. చివరిసారి గెలిచినప్పుడు ఆయన వయస్సు 46 ఏండ్లు. అంత వయస్సులో ఆ పోటీని గెలిచినవారు నేటివరకు మరియొకరు లేరు. డెబ్బది దాటిన తరువాత కూడా ఆయన ఆ పోటీలో ఆడినాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేదని ఆయన జీవితమును వ్రాసినవారు చెబుతారు. వేసవి అనక, చలికాలము అనక ప్రతి ఉదయము సముద్రములో మునిగి వచ్చేవాడట. మనము దానిని అనుకరించవలెనని మేము చెప్పడము లేదు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి చన్నీటి మునక ప్రాణాపాయము. మనము నేర్చుకొనవలసినది ఆయన క్రమమును. కాలము మారినా ఆయన దినచర్య మారలేదు.

ఆ ఇంట దుఃఖము కూడా ఉన్నది. ఆయన కుమారుడు, అతని పేరు కూడా టామ్, తండ్రిని మించిన ఆటగాడు. 1875 సెప్టెంబరులో ఆ యువకుని భార్య ప్రసవ సమయములో మరణించింది. ఆ దుఃఖములోనే అతడు ఆ చలికాలము మొదటిలో, మంచు పడుతున్న రోజులలో, పందెము కట్టిన సుదీర్ఘమైన ఆట ఒకటి ఆడినాడు. అదే సంవత్సరము క్రిస్మస్ దినమున 24 ఏండ్ల వయస్సులో కన్నుమూసినాడు. మంచులో ఆడినందుననే చనిపోయినాడని చెప్పుటకు ఆధారము లేదు. అయినను మనసు, శరీరము అలసిపోయినప్పుడు చలితో పంతము పట్టవలసిన పని లేదని ఈ సంగతి చదివినప్పుడెల్లా మాకు అనిపిస్తుంది. తండ్రి మాత్రము ఆ గాయముతోనే మరి 32 ఏండ్లు బ్రదికి, మైదానమును చూచుకొంటూ, 1908లో మరణించినాడు.

చలి శరీరమును ఏమి చేస్తుంది?

చలి తగలగానే చర్మము దగ్గర ఉన్న రక్తనాళములు ముడుచుకొంటాయి. దానితో రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. కండరములు బిగుసుకొంటాయి. అట్టి సమయములో ఒక్కసారిగా నడుము తిప్పితే పట్టివేస్తుంది. దాహము వేయదు గనుక నీరు త్రాగడము మరచిపోతాము.

బంతికి కూడా ఇదే గతి. చల్లబడిన బంతికి ఎగిరే గుణము తగ్గుతుంది, చల్లని గాలి చిక్కగా ఉండి దానిని అడ్డుకొంటుంది. అనుభవము గల ఆటగాడు అప్పుడు మరింత బలముగా కొట్టడు. బంతి తక్కువ దూరము పోతుందని ముందే లెక్క వేసుకొని, తగిన కర్ర మార్చుకొని, ఎప్పటి వలెనే కొడతాడు. చలిలో బలము చూపబోయినవారే నడుము పట్టుకొని కూర్చుంటారు.

ఇంటిలో చేయదగిన సాధన

మైదానము మూతపడిన రోజులలో ఆటగాడు ఇంటినే మైదానము చేసుకొంటాడు. వారు చేసే పనులలో కొన్ని ఇవి.

ఒక గ్లాసును తివాచీ మీద పక్కకు పడుకోబెట్టి, పది అడుగుల దూరము నుండి బంతిని దొర్లించి దానిలో వేయడము. గ్లాసు మూతి గుంట కంటె చిన్నది. దీనికి అలవాటు పడిన కంటికి వసంతములో అసలు గుంట విశాలముగా కనబడుతుంది. గోళీలాట ఆడిన మన తాతలకు ఈ గురి క్రొత్తది కాదు. విదేశములో మనవడితో కలసి దీనిని ఆడితే ఇద్దరికీ పొద్దుపోతుంది, తాతకు పదిసార్లు వంగి లేచే పని కూడా కలుగుతుంది.

కావడి వేసుకున్నట్లు ఒక కర్రను భుజముల వెనుక పట్టుకొని, పాదములు కదలకుండ నడుమును నెమ్మదిగా కుడికి, ఎడమకు తిప్పడము. ప్రక్కకు పది సార్లు చాలును.

చేతుల ఆసరా లేకుండ కుర్చీలో నుండి లేచి మళ్లీ కూర్చుండడము. మొదట ఐదు సార్లు, అలవాటైన కొలది పది, పదిహేను సార్లు. తొడలకు ఇంతకు మించిన సులువైన వ్యాయామము లేదు.

గోడ ప్రక్కన నిలబడి, అవసరమైతే పట్టుకొనేటట్లుగా, ఒంటి కాలి మీద పది సెకండ్లు నిలుచుండడము. తరువాత మడమలు పైకెత్తి దించడము. మంచు మీద జారి తుంటి ఎముక విరిగినవారి కష్టము చూచినవారికి ఈ నిలకడ విలువ తెలియును.

తడి తువ్వాలును రెండు చేతులతో గట్టిగా పిండడము. కర్ర పట్టునకు, మన ఇండ్లలో బిందె ఎత్తుటకు కూడా ఈ బలమే కావాలి.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకము శ్రమ అవసరమనియు, 65 ఏండ్లు దాటినవారు వారములో మూడు దినములైనా నిలకడను పెంచే వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా ఇచ్చింది. 150 నిమిషములంటే వారములో ఐదు దినములు, దినమునకు అరగంట. ఆ అరగంటను మూడు భాగములుగా పంచుకొన్నా నష్టము లేదు.

బయటికి వెళ్లేటప్పుడు

ఎండ వచ్చిన రోజున తప్పక బయటికి వెళ్లాలి. ముందు ఇంటిలోనే పది నిమిషములు అటు ఇటు నడిచి, చేతులు ఆడించి, ఒళ్లు వేడెక్కిన తరువాత గడప దాటాలి. ఒక్క మందపాటి కోటు కంటె రెండు మూడు పలుచని బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుగుకొనడము మంచిది. వేడి పుట్టినప్పుడు ఒకటి విప్పవచ్చును. తల, చెవులు, చేతులు కప్పుకొనాలి. మంచు దేశములో చెప్పులతో, నున్నని అడుగు గల బూట్లతో బయటికి పోరాదు. దారి మీద కంటికి కనబడని పలుచని మంచుపొర ఉంటుంది. అడుగులు చిన్నవిగా వేయాలి.

ఛాతీలో నొప్పి, బరువు, ఆయాసము, తల తిరుగుట వంటివి కలిగితే వెంటనే ఆగి వైద్య సహాయము పొందాలి. గుండె జబ్బు, ఉబ్బసము ఉన్నవారు ముందుగానే వైద్యుని అడిగి మొదలు పెట్టాలి. బ్రిటన్‌లో చలికాలపు ఎండ విటమిన్ డి తయారగుటకు చాలదు. అందుచేత అక్కడి ఆరోగ్య శాఖ ఆ నెలలలో దినమునకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసికొనుమని ప్రజలకు చెబుతుంది. నల్లని చర్మము గల మనవంటివారు ఏడాది పొడుగునా దానిని ఆలోచించవలెనని కూడా చెబుతుంది. అక్కడికి వెళ్లే పెద్దలు దీనిని గుర్తుంచుకొనాలి.

మన ఊరిలో

మన ప్రాంతములో గోల్ఫుకు చలికాలమే మంచి కాలము. హైదరాబాదులో గోల్కొండ కోట ప్రక్కన, విశాఖపట్నములో ఈ ఆట మైదానములున్నవి. మనలను ఇంటిలో కూర్చుండబెట్టేది మే నెల వడగాలి. వానకాలపు బురద కూడా అంతే. ఏ దేశములోనైనా ఏడాదిలో కొన్ని నెలలు బయటి పనికి అడ్డు వస్తూనే ఉంటాయి. ఆ నెలలలో ఇంటి వసారాలో పావుగంట శ్రమించినవారికి, అడ్డు తొలగిన దినమున కాళ్లు మాట వింటాయి.

విదేశములో ఉన్న మా బిడ్డలారా, మీ తల్లిదండ్రులు మీ దగ్గరకు వచ్చినప్పుడు వారికి వెచ్చని గది, మంచి భోజనము ఇస్తున్నారు, సంతోషము. దానితో పాటు జారని బూట్ల జత ఒకటి కొని ఇవ్వండి. సెలవు దినమున వారితో కలసి వీధి చివరిదాకా నడవండి. పెద్దలారా, చలి తగ్గిన తరువాత చూద్దామని వాయిదా వేయకండి. ఈ దినముననే కుర్చీలో నుండి ఐదు సార్లు, చేతులు ఆనించకుండ, లేచి కూర్చొని చూడండి. రేపు ఆరవసారి లేవడము సులువవుతుంది.